తాయారమ్మగారి సొట్టగ్లాసు

మొన్న రాజోలులో అమలాపురం బస్సెక్కి కూర్చోగానే ముక్కుకి ఆ వాసన తగిలింది. ఎండుచేపల పొడీ తవుడూ కలిసి, వానకి కాస్త ముక్కిన వాసన. అలవాటు లేనివాళ్లు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం ఇంకోసారి గట్టిగా పీల్చాను. పక్క సీటాయన కాళ్ల దగ్గర రొయ్యల మేత బస్తా ఉంది. ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. “ఆయ్... బాగుందండి. ఆయ్, బానే తింటన్నాయండి. ఆయ్, ఆయ్.” తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

“తినడం లేదా అండీ?” అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. “మీకెలా తెలిసిందండీ?”

“అన్నిసార్లు ఆయ్ అన్నారు కదండీ.”

నవ్వాడు గానీ, ఆ నవ్వులో ప్రాణం లేదు. “మా ఓనరుగారికి కోపం జాస్తండి. చెబితే చెప్పినోడిదే తప్పన్నట్టు మాటాడతారు. రేపు చూసుకుందాంలెండి,” అన్నాడు. రేపు చూసుకుందాం అనే ఆ మాట ఒకప్పుడు నాకు రోజూ వినబడేది. నేనూ అనేదాన్ని.

అమలాపురంలో బి.ఇడి. పిల్లలకి నేను మనస్తత్వశాస్త్రం చెబుతాను. శిక్ష గురించిన పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఒక ఎలుక ఉంటుంది, దాన్ని పెట్టిన పెట్టె ఉంటుంది, పెట్టె అడుగున కరెంటు షాకు ఉంటుంది. షాకు తగలకముందే అవతలికి దూకడం ఎలుక నేర్చుకుంటుంది. ఇక షాకు తీసేసినా దూకుతూనే ఉంటుంది. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. నాకు మాత్రం ఇన్నేళ్లలో ఆ ఎలుక ఒక్కసారి కూడా కళ్ల ముందుకి రాలేదు. లుంగీ ఎగ్గట్టుకుని చెరువుగట్టు మీద నిలబడ్డ సత్యం వస్తాడు. వరండాలో వాలుకుర్చీలో కూర్చున్న తాయారమ్మగారు వస్తారు. ఆవిడ చేతిలో స్టీలు గ్లాసు వస్తుంది.

ఆవిడ పూర్తి పేరు మంగతాయారు. రాజోలుకి దిగువన, సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు వాళ్లది. ఒకప్పుడు వరి పండిన చేనుని భార్యాభర్తలిద్దరూ మూడు రొయ్యల చెరువులుగా తవ్వించారు. భర్త పోయాక అంతా ఆవిడే చూసుకునేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం, చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడుని దాటి అవతలి గట్టుకి వినబడేది. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న నన్ను నీళ్లు పరీక్ష చేసే పనికి ఆవిడే పిలిచారు. మా నాన్న మా చర్చి బళ్లో మేష్టారు. “మేష్టారి కూతురంటే అబద్ధం ఆడదుగా. నాకలాంటి పిల్లే కావాలి,” అన్నారట. ఆ మాటకి మా నాన్న నెల్లాళ్లు మురిసిపోయాడు.

మొదటిరోజే చెరువులు చూసుకునే సత్యం నన్ను పంపుషెడ్డు దగ్గరికి పిలిచి జాగ్రత్త చెప్పాడు. “ముందు అమ్మగారి చెయ్యి చూడండమ్మాయిగారూ. చేతిలో గ్లాసుంటే నోరిప్పకండి. గ్లాసు కిందెట్టేక చెప్పండి. అదీ మంచి కబురైతేనే.”

“చెడ్డ కబురైతేనో?”

“ఇక్కడ చెడ్డ కబుర్లుండవండి,” అన్నాడు. వేళాకోళం కాదు, మొహం చాలా సీరియస్‌గా పెట్టి చెప్పాడు.

ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే నా కళ్లు పోతాయి. సత్యం భార్యకి జ్వరం ముదిరితే స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తానే రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్లారు. చెరువుల దగ్గర పని చేసేవాళ్లలో అన్నం తినకుండా ఇంటికెళ్లినవాడు లేడు. మనిషి మీద చెయ్యెత్తడం నేనెన్నడూ చూడలేదు. కానీ ఏ వెధవ కబురు చెవిన పడ్డా చేతిలో గ్లాసు గోడకేసి లేచేది. వరండా గోడ మీద సున్నం ఎన్నిసార్లు వేయించినా కాఫీ చారలు పోయేవి కావు. గ్లాసు నడుం దగ్గర లోపలికి సొట్టపోయి ఉండేది. కొత్తది కొనమంటే “దీనికేం, బతికే ఉందిగా” అనేవారు.

నా వంతు తొందర్లోనే వచ్చింది. మూడో చెరువు నీళ్లలో రొయ్యకి విషంలాంటి అమ్మోనియా పెరుగుతోంది. చదువుకున్న పిల్లని కదా, మేష్టారి కూతుర్ని కదా, తిన్నగా వెళ్లి చెప్పేశాను. నా చెవి పక్కనుంచి దూసుకుపోయినట్టనిపించింది గానీ, నిజానికి గ్లాసు నాకు బారెడు దూరంలో గోడకి తగిలింది. “పొద్దున్నే ఇదా నేను వినాల్సింది! పేరు చూస్తే సువార్త, తెచ్చేవి చూస్తే ఇవీ!” అని అరిచారు. అవును, నా పేరు సువార్త. ఇప్పుడు తలుచుకుంటే పొట్ట పట్టుకుని నవ్వుతాను. ఆవేళ మాత్రం పంపుషెడ్డు వెనక్కి పోయి బాగా ఏడ్చాను.

మర్నాటి నుంచి నా కాళ్లు వరండా ముందునుంచి వెళ్లడం మానేశాయి. పంపుషెడ్డు వెనకనుంచి, బురదలో, చుట్టూ తిరిగి పోయేదాన్ని. నీళ్ల పరీక్ష రాసిన కాగితం ఆవిడ లేనప్పుడు బల్ల మీద పెట్టి వచ్చేసేదాన్ని. కాగితాలు చదివే అలవాటు ఆవిడకి లేదు. అటునుంచి ఎందుకొస్తున్నావని ఎవరైనా అడిగితే, నీడగా ఉంటుందని చెప్పేదాన్ని. నేనూ మనస్ఫూర్తిగా అదే నమ్మాను. నీడ! ఆ దారిలో ఒక్క చెట్టయినా లేదు.

నా సంగతే ఇలా ఉంటే సత్యం సంగతి చూడాలి. రొయ్య సరిగా తింటోందో లేదో తెలియడానికి చెరువులో అక్కడక్కడ వల పళ్లేలు దింపుతారు. వాటిలో కాస్త మేత వేసి, కొంతసేపయ్యాక పైకి లాగుతారు. ఖాళీ అయితే రొయ్య కులాసా. మేత మిగిలితే ఏదో తేడా ఉన్నట్టు. తాయారమ్మగారు వరండాలోంచి చూస్తూ ఉండేవారు. పళ్లెం నీటి మట్టానికి వచ్చేసరికి సత్యం మణికట్టు ఒక్కసారి అటూ ఇటూ ఆడేది. మిగిలిన మేత నీళ్లలో కలిసిపోయేది. పైకొచ్చేసరికి పళ్లెం కడిగినట్టుండేది.

“ఖాళీయేనా సత్యం?”

“ఆయ్! బాగా తింటన్నాయండి.”

అతను మోసం చేస్తున్నాననుకోలేదు. ఆ చెరువులంటే అతనికి ప్రాణం. మేత ఓ పిసరు ఎక్కువైందేమో, రేపటికి సర్దుకుంటుందేమో అనుకునేవాడు. ఇవాళ్టికి గోల లేకుండా గడిచింది, అదే పదివేలు. మా గోదావరి మర్యాద ఒకటి దానికి తోడు. పెద్దవాళ్లు “బాగుందా?” అని అడిగితే లేదని ఎలా అంటాం? ఆయ్ అనేస్తే అడిగినవాళ్లకీ హాయి, చెప్పినవాళ్లకీ హాయి.

ఒకరోజు పొద్దున్న మూడో చెరువు గట్టంతా తెల్లగా ఉంది. కొంగలు. జబ్బు పడ్డ రొయ్య లోతులో ఉండలేక ఒడ్డుకి కొట్టుకొస్తుంది, ఆ సంగతి కొంగకి అందరికంటే ముందు తెలుస్తుంది. తాయారమ్మగారు స్కూటీ ఆపారు గానీ ఇంజను ఆపలేదు. మేమందరం గట్టు మీద వరసగా నిలబడ్డాం. “ఎవరికీ తెలీదా?” అని అడిగారు. “ఆయ్... తెలీదండి,” అన్నాం, ఒకరి తర్వాత ఒకరం. ఆవిడ చేతిలో గ్లాసు లేకపోయినా అందరి కళ్లూ ఆ చేతి మీదే ఉన్నాయి. ఆవిడ మా కళ్లు ఎటున్నాయో చూశారు. తర్వాత తన చెయ్యి తాను చూసుకున్నారు.

“ఇంతమందిని పెట్టుకుంటే నాకు నిజం చెప్పింది కొంగలా?” అన్నారు మెల్లగా. “ఆటికి నా గ్లాసంటే భయం లేదు కాబోలు.”

మూడో చెరువు పోయింది. మిగతా రెండింటికీ నీళ్లు దానికొచ్చే కాలవలోంచే. జబ్బు వాటికీ పాకుతుందేమోనన్నది ఒక భయం. పాకితే వెంటనే తెలిస్తే వలలేసి రొయ్యని పట్టేసి పంట ఒడ్డుకి చేర్చుకోవచ్చు. ఒక్క పూట ఆలస్యమైతే అవీ పోతాయి, చెరువులు అమ్ముకోవడమే. అంటే తాయారమ్మగారికి అప్పుడు కావలసింది మందులు కాదు, నిజం చెప్పే మనిషి. ఆ మనిషినే ఆవిడ ఇన్నేళ్లూ గ్లాసు గోడకేసి కొట్టి తోలేశారు.

మరొకరైతే మమ్మల్ని తిట్టిపోసి కొత్తవాళ్లని పెట్టుకునేవారు. ఆవిడ మొదట చేసింది కూడా ఇంచుమించు అదే. “ఇకనుంచి నిజం దాచినోళ్లని ఊరుకోను,” అని గట్టు మీద నిలబడి ప్రకటించారు. దాంతో కొందరు పనిలోకి ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. పళ్లెం లాగేవేళకి సత్యానికి మోటారు దగ్గర ఏదో పని తగిలేది. చూడకపోతే దాచినట్టు కాదు కదా! ఆవిడ నాలుగు రోజులు ఇదంతా గమనించి, నన్ను పిలిచి, ఏదో వింత చూసినట్టు చెప్పారు. “చూసేవా సువార్తా? కొరడా ఇటుతిప్పితే ఇటు నక్కుతున్నారు, అటుతిప్పితే అటు నక్కుతున్నారు. ఎదురుగా మాత్రం రావట్లేదు.” కోపం లేదు ఆ గొంతులో. మొక్క ఎందుకు పెరగట్లేదో తవ్వి చూసే రైతు కుతూహలం ఉంది.

తర్వాత గ్లాసు మానేసి కాగితం కప్పులో తాగడం మొదలుపెట్టారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అయినా “బాగుందా?” అంటే “ఆయ్” అనే వచ్చేది. ఒక మధ్యాహ్నం నేను పంపుషెడ్డు వెనకనుంచి పోతుంటే ఎదురొచ్చి నిలబడ్డారు, చీర కుచ్చిళ్లు బురదలో ముంచుకుని.

“ఇటెందుకు తిరిగెళ్తన్నావమ్మా?”

“నీడగా ఉంటుందండి.”

ఆవిడ తలెత్తి ఎండని చూశారు. నన్ను చూశారు. పకపకా నవ్వారు. నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. “గ్లాసండి,” అన్నాను చివరికి.

“గ్లాసు మానేశా కదే!”

“మానేశారని మాకు తెలుసండి. కాళ్లకి తెలీదండి.”

ఆవిడ పంపుషెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయారు. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు: “కరిచే కుక్క ఉన్న వీధిలోకి ఎవరూ రారు. కుక్కని కట్టేసినా రారు. కట్టేసేరని తెలియాలంటే ఆ వీధిలోకి రావాలి కదా? రానివాడికి ఎప్పటికి తెలిసేను?” ఎన్నో ఏళ్ల తర్వాత పుస్తకంలో ఆ సంగతి నాలుగు పేజీల్లో చదివాను. నాలుగు పేజీలూ కలిపినా ఆ ఒక్క మాటకి సరిపోలేదు నాకు.

“వీధిలోకి వాళ్లు రాకపోతే కుక్కే బయటికెళ్లాలి,” అని లేచారు. అప్పట్నుంచి వరండాలో కూర్చోవడం మానేసి, పొద్దున్నే గట్టు మీదికొచ్చి, మాతో పాటు నిలబడేవారు. ప్రశ్న కూడా మార్చేశారు. బాగుందా అని అడగడం పూర్తిగా మానేశారు. “ఈవేళ ఏది బాలేదు?” అనేవారు. దానికి ఆయ్ అని తప్పించుకోవడం కుదరదు. మొదట్లో మేం తెల్లమొహాలేశాం. తర్వాత ఒకడు తాడు తెగిందన్నాడు, ఒకడు మేత బస్తా తడిసిందన్నాడు. ఎవరు ఏది బాలేదని చెప్పినా ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చేవారు. దేంట్లో అనుకున్నారు? ఆ సొట్టగ్లాసులోనే. మొదటిసారి అది చేతికొచ్చినప్పుడు సత్యం పాము పిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఒకరోజు మబ్బు పట్టి ఉంది. సత్యం రెండో చెరువు పళ్లెం పైకి లాగుతున్నాడు. పళ్లెం నీటి మట్టానికొచ్చింది. నేను అతని మణికట్టునే చూస్తున్నాను. అది కొంచెం కదిలింది, ఆగింది. పళ్లెం అలాగే పైకొచ్చింది, సగం మేతతో. తాయారమ్మగారి ముందు పెట్టి, తల దించుకుని, “ఇది బాలేదండి,” అన్నాడు. “నిన్న కూడా ఇలాగే ఉందండి.”

ఆవిడ మొహం కందగడ్డ అయిపోయింది. కుడిచెయ్యి బిగుసుకుంది. ఆ చేతిలో, ఎవరికో ఇవ్వడానికి అప్పుడే కాఫీ పోసిన సొట్టగ్లాసుంది. నిన్ననే ఎందుకు చెప్పలేదురా అన్న మాట ఆవిడ పెదాల దాకా వచ్చింది, నేను చూశాను. ఆవిడ చెరువు వైపు తిరిగి నిలబడి దాన్ని మింగారు. అలా మింగడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలియదు. తర్వాత ఇటు తిరిగి, “కూర్చో సత్యం,” అని ఆ గ్లాసు అతని చేతిలో పెట్టారు. సగం కాఫీ అతని లుంగీ మీదే పోయింది. ఆ మధ్యాహ్నమే వలలు దిగాయి. రొయ్య చిన్నదే, కానీ బతికి ఒడ్డుకొచ్చింది. మొదటి చెరువుకి జబ్బు రానేలేదు. చెరువులు ఆవిడకే మిగిలాయి.

నేను పై చదువుకి వెళ్లిపోతున్నప్పుడు ఆవిడ నాతో చెప్పిన ముక్క ఒకటుంది. “చెడ్డ కబురు వింటే నాకు గుండె దడమ్మా. గ్లాసు విసిరితే మీరంతా గప్‌చిప్. మీరు ఊరుకుంటే నాకు దడ తగ్గేది. అందుకే మళ్లీ విసిరేదాన్ని. నేను మీకు నోరు మూసుకోవడం నేర్పేను సరే, మీరు నాకు విసరడం నేర్పేరు. ఎవరికి ఎవరు మేష్టారంటావు?” నా విద్యార్థులకి ఈ ప్రశ్న ఏటా ఇస్తాను. ఇంతవరకు ఎవరూ సరిగ్గా తేల్చలేదు. నేనూ తేల్చలేదు.

చివరిసారి ఆవిడని చూసింది అమలాపురంలో, ఆసుపత్రి గదిలో. వాళ్లబ్బాయి గుమ్మంలోనే నన్ను ఆపి, అసలు జబ్బేమిటో చెప్పాడు. “అమ్మకి గ్యాస్ ట్రబులని చెప్పామండి. మీరేం చెప్పకండి, తట్టుకోలేదు,” అన్నాడు. తట్టుకోలేనిది అతనే అని చూస్తేనే తెలుస్తోంది. పాపం, కళ్లు వాచిపోయి ఉన్నాయి. లోపలికెళ్లాను. మనిషి పక్కలో కనబడీ కనబడనట్టుంది. గొంతు మాత్రం ఉంది. కొడుకుని కాఫీ తెమ్మని పంపేసి, నన్ను దగ్గరికి రమ్మన్నారు.

“డాక్టరు బాగుందంటన్నాడు. నర్సమ్మ బాగుందంటది. మావోడూ బాగుందంటన్నాడు. అందరూ పళ్లెం దులిపి చూపిస్తన్నారే సువార్తా.” రెండు అరచేతులూ దుప్పటి మీద తెరిచి పెట్టారు. “చూడు, గ్లాసు లేదు. నువ్వు మేష్టారి కూతురివి. నాలో ఏది బాలేదు?”

పారిపోవాలనిపించింది. నిజంగా. గుమ్మం ఎంత దూరంలో ఉందో కూడా చూసుకున్నాను. ఆ పంపుషెడ్డు వెనక దారి ఎక్కడైనా దొరికితే బాగుండుననిపించింది. ఆ తెరిచిన చేతులు చూసి ఆగిపోయాను. చెప్పాను. కాలేయమనీ, మందుకి లొంగే దశ దాటిపోయిందనీ, వాళ్లబ్బాయి చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆవిడ కుడిచెయ్యి బిగుసుకుంది, సరిగ్గా ఆ మబ్బురోజు బిగుసుకున్నట్టే. కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరిచారు.

“కూర్చో,” అన్నారు. “కాఫీ వస్తంది. తాగి వెళ్లు.”

ఆ వారంలోనే పట్టుబట్టి ఇంటికెళ్లిపోయారు. చెరువులు కొడుక్కే రాసి, కౌలు మాత్రం సత్యానికే ఇవ్వాలని దగ్గరుండి ఒప్పించి, ఆ కాఫీ చారల గోడ పక్కనే, ఏరియేటర్ల చప్పుడు వింటూ పోయారు. వాళ్లబ్బాయి ముందు నా మీద కోపగించుకున్నాడు. కర్మకాండలయ్యాక వచ్చి, “అమ్మ ఆ నాలుగు రోజులూ నాతో మాట్లాడిందండి, ఏమీ దాచుకోకుండా,” అన్నాడు. గ్లాసు సత్యం దగ్గరుంది. గట్టు మీద అందరికీ అందులోనే పోస్తాడట.

మొన్న బస్సులో మేత బస్తా ఆయన అంబాజీపేటలో దిగుతుంటే అన్నాను. “ఇంకోసారి ఫోను చెయ్యండి. కొంగలు చెప్పేలోపు మీరే చెప్పెయ్యండి.” ఆయన బస్తా భుజానికెత్తుకుని “ఆయ్” అన్నాడు. అది ఏ ఆయ్యో నాకు తెలియలేదు. దేవుడి దయవల్ల చేసే ఉంటాడు.

ఇంటికొచ్చి టీ పెట్టుకుని, గ్లాసు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. మా అమ్మాయి స్కూలునుంచి వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగింది. ముందు చూసింది నా మొహాన్ని కాదు, నా చేతిని. నేను జన్మలో గ్లాసు విసరలేదు. కానీ నా గొంతు కూడా అవతలి గట్టుకి వినబడే గొంతేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. “ఎలా జరిగిందమ్మా ఈవేళ?” అని నోటిదాకా వచ్చింది. అడిగితే అది “బాగుంది” అనేసి గదిలోకి పోతుంది.

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. పక్క కుర్చీ లాగాను.

“ఈవేళ ఏది బాలేదమ్మా?” అన్నాను.

అది నా ఖాళీ చేతిని ఇంకోసారి చూసింది. భుజం మీది బ్యాగు దించి, వచ్చి కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.